చల్లబడిన బాబాయి

ఆ శనివారానికి ఇల్లాలు వేసుకున్న ప్లానులో చావు అనేది లేదు. పొద్దున్నే మార్కెట్టుకు వెళ్లి కూరలు తేవాలి, మధ్యాహ్నానికి సూపు చెయ్యాలి, సాయంత్రం కూతుర్ని ఈతకొలనుకు తీసుకెళ్లి కొలత వేయించాలి. అంతే.

కొలత అంటే ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. కొలను గోడ మీద ఒక ఎర్ర గీత ఉంది. తల ఆ గీతను అందుకుంటేనే పిల్లల్ని పెద్ద కొలనులోకి దింపుతారు. అందుకోకపోతే మోకాలి లోతు నీళ్లలో, ప్లాస్టిక్ బాతుల మధ్య ఉండిపోవాల్సిందే. తొమ్మిదేళ్ల పిచ్చుక ఏడాదిగా ఆ బాతుల మధ్యే ఉంది. (పిచ్చుకకు అసలు పేరొకటి ఉంది గానీ, దాన్ని బళ్లో టీచర్లు తప్ప ఎవరూ వాడరు.) తోటివాళ్లంతా పెద్ద కొలనులో మునిగి తేలుతుంటే, తను మూడేళ్ల పిల్లల పక్కన మోకాళ్ల మీద నడుస్తూ ఈదుతున్నట్టు నటించేది. మూడు నెలల క్రితం వేసిన కొలతలో బొటనవేలి గోరంత తక్కువైంది. ఆ రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. మళ్లీ కొలత ఈరోజే. ఇది తప్పితే ఇంకో మూడు నెలలు బాతులే.

పోయిన కొలత మర్నాడే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లారు. పిల్ల ఎదుగుదల మందగించింది, రక్తం తక్కువగా ఉంది, మధ్యాహ్నం క్లాసులో కునికిపాట్లు పడుతోంది. "రాత్రిళ్లు ఏం తింటుంది?" అని డాక్టరమ్మ అడిగితే ఇంటాయనా ఇల్లాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటాయన కళ్లజోళ్ల దుకాణం మూసి వస్తూ, దారిలో పిజ్జా కనిపిస్తే పిజ్జా, బర్గర్ కనిపిస్తే బర్గర్ పట్టుకొచ్చేవాడు. వారంలో సగం రోజులు ఆ ఇంట్లో రాత్రి భోజనం అట్టపెట్టెలోంచే వచ్చేది.

"ఇవి కడుపు నింపుతాయి గానీ ఎముకలకి పనికిరావండీ," అంది డాక్టరమ్మ. "ఉప్పూ నూనే చక్కెరా వచ్చి చోటంతా ఆక్రమించుకుంటే, పాలూ గుడ్లూ ఆకుకూరలూ ఎక్కడ కూర్చుంటాయి? పాపకి వేరే తిండేం రాసివ్వను. మీరేం తింటే అదే తింటుంది. ముందు మీ ఇద్దరి కంచాలు మార్చండి."

ఆ రోజే ఇంటాయన కూతురి చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. ఇక ఈ గుమ్మంలోకి అట్టపెట్టె రాదు, వస్తే అది చెప్పులదే అయివుంటుంది అన్నాడు. పిచ్చుక ఆ మాట పట్టుకుంది. స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్లి, అందరూ పిజ్జా తింటుంటే తను మంచినీళ్లు తాగి వచ్చింది. ఎముకలు సాగుతాయని రోజూ తలుపు చట్రం పట్టుకుని వేలాడేది.

మాట తప్పింది ఇంటాయన. ఆయనకు తోడు ఆయన తల్లి.

నాయనమ్మను మరీ తప్పుపట్టడానికీ లేదు. ఇల్లాలు చదువుకున్న మనిషి, ఏం చేసినా పట్టుగా చేస్తుంది. డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంటే మానేసింది. నూనె తగ్గించమంటే సీసా అటక మీద పెట్టి నిచ్చెన పక్కింటికి ఇచ్చేసింది. ఆవిడ వంటలో ఆరోగ్యానికి తప్ప ఇంక దేనికీ చోటుండేది కాదు. "గుడ్డలు జాడించిన నీళ్లు వేడిచేసి పోస్తోందిరా," అని నాయనమ్మ కొడుకు దగ్గర ముక్కు చీదింది. కొడుకు వెంటనే కరిగిపోయాడు. కరగడానికి ఆయనకు అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

చిక్కల్లా నాయనమ్మ ఫోనుతో వచ్చింది. ఆవిడకు చెవులు మందం కాబట్టి ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. పిజ్జా అనే మాట ఇటు పడితే వీధి చివరి దాకా వినిపిస్తుంది. అందుకని తల్లీ కొడుకూ ఒక గుర్తు పెట్టుకున్నారు. పిజ్జా అంటే పెద్ద బాబాయి, బర్గర్ అంటే చిన్న బాబాయి. పిచ్చుకకు నిజంగానే ఒక బాబాయి ఉన్నాడు. ఇంటాయన తమ్ముడు, పక్క ఊళ్లో లిఫ్టు మెకానిక్కు, పిచ్చుకకు ప్రాణం. నాయనమ్మ తన చిన్న కొడుకు గురించి మాట్లాడుతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? ఇలా ముగ్గురు నలుగురు బాబాయిలు ఇప్పటికే ఆ ఇంటికి వచ్చి, ఆనవాలు లేకుండా పోయారు.

ఆ శనివారం, తల్లీ కూతుళ్లు కొలనుకు వెళ్లాక రమ్మని ఇంటాయన ఒక పెద్ద బాబాయికి ఆర్డరిచ్చాడు. హోటలువాళ్లు సాయంత్రం అన్న మాట మింగేసి మధ్యాహ్నమే పంపించారు. అదీ ఊరంతా తిప్పి. ఇల్లాలు వంటింట్లో ఉండగా నాయనమ్మ వెనక గుమ్మం దగ్గర పెట్టె అందుకుని, స్టోర్ రూములో ఉల్లిపాయల బుట్ట పక్కన దాచి, గదిలోకొచ్చి కొడుక్కి ఫోను చేసింది. పిచ్చుక అప్పుడే వేలాడదామని ఆ గది తలుపు దగ్గరికి వచ్చింది.

"పూర్తిగా చల్లబడిపోయాడురా, బాబాయి," అంటోంది నాయనమ్మ. "ముట్టుకుంటే కొయ్యలా తగిలాడు."

"అయ్యో," అంది స్పీకరు. "పొద్దున కూడా బాగా వేడిగా ఉంటాడనే అన్నారే."

"నాకు ఏడుపొస్తోందిరా. ఎంత ఆశపెట్టుకున్నాను వాడి మీద."

"ఊరుకో అమ్మా, మన చేతుల్లో ఏముంది. గుడ్డ కప్పావా?"

"కప్పాను."

"మంచిపని చేశావు. పిచ్చుకకీ వాళ్లమ్మకీ తెలియనివ్వకు. ఇవాళ కొలత ఉంది, దాని మనసు పాడవుతుంది. వాళ్లు వెళ్లగానే నేనొచ్చేస్తాను, ఇద్దరం కలిసి కానిచ్చేద్దాం."

పిచ్చుక చట్రం వదిలేసింది. మెల్లిగా వంటింట్లోకి వెళ్లి తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, చల్లబడిపోవడం అంటే చచ్చిపోవడమా?"

"పాలకైతే కాదు. మనుషులకైతే అదే," అంది ఇల్లాలు క్యారెట్టు తరుగుతూ. "ఏం?"

"బాబాయి చల్లబడిపోయాడట. కొయ్యలా అయిపోయాడట. గుడ్డ కప్పారట. మనకి చెప్పొద్దన్నాడు నాన్న, నా కొలత పాడవుతుందని."

ఇల్లాలి చేతిలో కత్తి ఆగిపోయింది. విన్న మాటకల్లా బెంబేలెత్తే మనిషి కాదావిడ. పిల్ల ఏదో పొరపాటు విందనుకుని, చేతులు తుడుచుకుని మరిదికి ఫోను చేసింది. ఆఫ్‌లో ఉంది. వాళ్ల లిఫ్టు కంపెనీకి చేసింది. అక్కడ ఒక టెలిఫోన్ అమ్మాయి ఎత్తింది.

"ఆయన పైకి పోయారండీ," అంది ఆ అమ్మాయి.

ఇల్లాలు స్టూలు మీద కూలబడింది. "ఎప్పుడమ్మా?"

"పొద్దున్నేనండీ. చాలా పెద్ద బిల్డింగు. కేబుల్ తెగిందని కబురొస్తే..."

"కిందికి ఎప్పుడు దింపుతారు?"

"చెప్పలేమండీ. సాయంత్రమవ్వచ్చు. ఆయన ఒక్కసారి పైకి పోయారంటే అంతేనండీ, తిండి కూడా గుర్తుండదు."

"ఇక్కడ వాళ్లమ్మ ఉన్నారమ్మా," అంది ఇల్లాలు. "దింపగానే ఇక్కడికే పంపించండి. ఆఖరి చూపైనా దక్కాలి కదా."

"అయ్యో, వాళ్లమ్మగారికేమైందండీ?"

ఇల్లాలు అప్పటికే ఫోను పెట్టేసింది. టెలిఫోన్ అమ్మాయి పనిమంతురాలు. మెకానిక్కుగారి తల్లి పోయారని నిమిషంలో కంపెనీ అంతటికీ చెప్పింది. ఒకణ్ని మెట్ల మీదుగా పైకి పరిగెత్తించింది. సిబ్బంది తరఫున ఒక పూలచక్రం పంపే ఏర్పాటూ చేసింది.

భర్తకు ఫోను చెయ్యాలని ఇల్లాలికి అనిపించింది. మళ్లీ మానుకుంది. తోడబుట్టినవాడు పోయినా, బిడ్డ కొలత కోసం దుఃఖం దిగమింగి ఎవరికో కళ్లజోళ్లు అమరుస్తున్న మనిషి. దుకాణంలో నలుగురి ముందు ఆయన్ని ఏడిపించడమెందుకు? ఇక అత్తగారు. కడుపున పుట్టినవాడు పోయాడు. అయినా హాల్లో కూర్చుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ గోళ్లు కత్తిరించుకుంటోంది. ఇల్లాలు చూడలేక వంటింట్లోకి తిరిగొచ్చింది. ఈ మహాతల్లికా నేను ఇన్నాళ్లూ చప్పిడి సూపు పోసింది అనుకుంది.

నిచ్చెన లేదు కాబట్టి బల్ల మీద స్టూలు వేసి అటకెక్కింది. నూనె సీసా దించింది. కళ్లనీళ్లలో ఏమీ కనిపించడం లేదు. వెల్లుల్లి వేయించింది, మిరియాలు దంచి పోసింది, ఉప్పు చేతికందినంత వేసింది, మళ్లీ ఏడ్చింది. సూపు గిన్నెలో పోసి అత్తగారి ముందు పెట్టింది.

నాయనమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కోడలి వంక అనుమానంగా చూసింది. "ఏమిటమ్మాయ్ ఇది?"

"సూపే అత్తయ్యా."

"మన ఇంటిదేనా?"

"తినండి అత్తయ్యా. మీకిప్పుడు బలం కావాలి."

"నాకెందుకు బలం?"

ఇల్లాలు జవాబు చెప్పకుండా అత్తగారి వీపు నిమిరి లోపలికి వెళ్లిపోయింది. పెళ్లయి వచ్చాక కోడలు తన వీపు నిమరడం అదే మొదలు. స్టోర్ రూము సంగతి తెలిసిపోయిందేమోనని నాయనమ్మకు చెమటలు పట్టాయి. అయినా గిన్నె ఖాళీ చేసి, రెండోసారి పోయించుకుంది.

భోజనాలయ్యాక కాసేపటికి పూలచక్రం వచ్చింది. బండి చక్రమంత ఉంది, తెల్ల పూలు, మధ్యలో పట్టు రిబ్బను. నాయనమ్మే తలుపు తీసింది. రిబ్బను మీద 'మాతృమూర్తికి' అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద 'అశ్రునివాళి, లిఫ్టు కంపెనీ సిబ్బంది' అని చిన్న అక్షరాలు. కళ్లజోళ్ల దుకాణం కొడుకుదే అయినా ఆవిడకు దగ్గరి చూపు అద్దాలు ఏడాదిగా రాలేదు కాబట్టి, చదవగలిగింది ఆ పెద్ద మాటే.

"ఇన్నాళ్లకి ఎవరికో నేను గుర్తొచ్చాను," అని మురిసిపోయింది. చక్రాన్ని గదిలోకి దొర్లించుకెళ్లి, మంచం ఎదురుగా మేకుకి తగిలించి, పడుకుని చూసుకుంది.

తలుపు సందులోంచి ఇల్లాలికి రిబ్బను చివర లిఫ్టు కంపెనీ పేరొక్కటే కనిపించింది. మిగిలిన కాస్త ఆశా పోయింది. పూలచక్రం చూస్తూ నవ్వుకుంటున్న అత్తగారిని చూసి, పాపం మతి కూడా పోయిందనుకుంది.

కొలనుకు బయల్దేరాల్సిన వేళయింది. పిచ్చుక ఈత బట్టలు వేసుకుంది, నీళ్లద్దాలు నుదుటికెక్కించుకుంది, సంచీ తగిలించుకుంది. గుమ్మం దాకా వచ్చి కూర్చుండిపోయింది.

"నేను రానమ్మా."

"వెళ్దాం పద. నాన్న ఇంత దాచిందీ నీ కొలత కోసమే కదా."

"బాబాయి చచ్చిపోతే నేనెందుకు పొడుగవ్వాలి? పెద్ద కొలనులో దూకితే చూడ్డానికొస్తానన్నది బాబాయే." పిచ్చుక నీళ్లద్దాలు కళ్ల మీదికి లాక్కుంది. అద్దాల లోపలే ఏడుస్తోంది.

ఇల్లాలు కూడా పక్కనే కూర్చుంది. సరిగ్గా అప్పుడే, ఇల్లు ఖాళీగా ఉంటుందని నమ్మి, ఇంటాయన ఈల వేసుకుంటూ వచ్చాడు. భార్యనూ కూతుర్నీ చూడగానే ఈల మధ్యలో తెగింది.

"మీరింకా వెళ్లలేదా?"

"ఇంక దాచకండి," అంది ఇల్లాలు. "బాబాయి సంగతి నాకు తెలిసిపోయింది."

ఇంటాయన గోడకు చేరగిలబడ్డాడు. "అమ్మ చెప్పిందా?"

"అత్తయ్య ఒక్క మాట అంటే ఒట్టు. అంతా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నారు."

"అప్పుడే పెట్టేసుకుందా?" అన్నాడు ఇంటాయన చిన్నబోయి. "నేనొచ్చేదాకా ఆగమన్నానే."

"ఎలా జరిగిందండీ?"

"ఎలా జరుగుతుంది, నేనే రమ్మన్నాను. తప్పంతా నాదే. దారిలోనే చల్లబడిపోయాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"స్టోర్ రూములో."

"మన స్టోర్ రూములోనా?"

"ఉల్లిపాయల పక్కన."

ఇల్లాలు లేవబోయి మళ్లీ కూర్చుంది. "సాయంత్రం దింపుతామన్నారు కదా."

"అన్నారు. మధ్యాహ్నమే వెనక గుమ్మంలో దింపేసి పోయారు. ఈ రోజుల్లో ఎవరి మాట నమ్మడానికీ లేదు."

"అంత పొడుగు మనిషి... ఆ గదిలో ఎలా పట్టాడండీ?"

"పెట్టెలో పెట్టే ఇస్తారుగా. చతురస్రం పెట్టె."

"చతురస్రమా?"

"ముక్కలు కూడా వాళ్లే చేసిస్తారు. మనకి శ్రమ లేకుండా." భార్య మొహం పాలిపోవడం చూసి ఇంటాయన బుజ్జగింపులోకి దిగాడు. "కోప్పడకు. పారెయ్యమంటే పారేస్తాను. లేదూ, పెనం మీద కాస్త వేడిచేస్తే ఇప్పటికీ బాగానే ఉంటాడు. ఒక ముక్క నువ్వూ రుచి చూడు."

ఇల్లాలు కూర్చున్నచోటే వెనక్కి జరిగింది. పిచ్చుక లేచి, నీళ్లద్దాలతోనే స్టోర్ రూము వైపు నడిచింది.

బయట ఒక వ్యాను కీచుమని ఆగింది. నూనె మరకల బట్టల్లో, నడుముకు తాళ్లతో, పొడుగాటి మనిషి ఒకడు "అమ్మా, నన్నొదిలి వెళ్లిపోయావా" అని ఏడుస్తూ గుమ్మంలోకి వచ్చాడు. ఇల్లాలు ఆ మనిషిని చూసి రెండు చేతులూ జోడించింది. ఏమడగాలో తెలియక, "ముక్కలు అతుక్కున్నాయా నాయనా?" అంది.

"వదినా, అమ్మేదీ?"

ఆ కేకకు నాయనమ్మ నిద్ర లేచి, పూలచక్రం చంకలో పెట్టుకుని హాల్లోకి వచ్చింది. "ఏరా చిన్నోడా, ఈ పూలు నువ్వేనా పంపింది? ఏడుస్తావెందుకు, బాగున్నాయిలే."

బాబాయి తల్లిని తడిమి చూసుకున్నాడు. ఇల్లాలు మరిదిని తడిమి చూసింది. ఎవరి మట్టుకు వాళ్లు బతికే ఉన్నామని ఒప్పుకుంటుండగా పిచ్చుక తిరిగొచ్చింది. ఒకసారి పొడుగాటి బాబాయి వంక చూసి, చేతిలో ఉన్న అట్టపెట్టె మీది గుడ్డ తీసేసి, దాన్ని తండ్రి ముందు పెట్టింది.

"నాన్నా, మరి ఇతనెవరు?"

ఇంటాయన కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు.

"నేను పుట్టినరోజు పార్టీలో మంచినీళ్లే తాగాను," అంది పిచ్చుక. గొంతు పెంచలేదు. ఆ మాట చాలింది. తండ్రి తలే కాదు, నాయనమ్మ తల కూడా వంగిపోయింది.

బాబాయి పెట్టె మూత ఎత్తి చూశాడు. "నా పేరు పెట్టుకుంటే పెట్టుకున్నారు, ఇంత పలచటివాడికా? పంచాయితీ తర్వాత పెట్టుకుందాం. కొలత వేళ దాటిపోతోంది, ఎక్కండి వ్యాను."

అందరూ ఎక్కారు. తాళ్ల మధ్య ఇల్లాలు, టూల్‌బాక్సు మీద ఇంటాయన, పూలచక్రం వదలని నాయనమ్మ. దారిలో జనం పూలచక్రం చూసి తప్పుకుని దారిచ్చారు. కొలను టీచరు తలుపు వేయబోతుండగా చేరారు.

పిచ్చుక గోడకు ఆనుకుని నిలబడింది. టీచరు జుట్టు పిన్ను తీసేయించింది, మడమలు నేలకు ఆనాయో లేదో వంగి చూసింది, అరచేత్తో జుట్టు అణిచింది. ఎర్ర గీత కోసం వెతికింది. మళ్లీ వెతికింది.

"గీత ఏదీ?" అంది.

"దాని తల వెనక ఉందండీ," అన్నాడు బాబాయి.

మరుక్షణం పెద్ద కొలనులో ధడేలుమని నీళ్లు ఎగిరాయి. ఆ తుంపర్లు మొహాన పడుతుండగా ఇల్లాలు ఆ రోజుకి మొదటిసారి సంతోషంతో ఏడ్చింది. నాయనమ్మ దగ్గరికి జరిగి, చెవిలో చెబుతున్నాననుకుని, అందరికీ వినిపించేలా అంది: "అమ్మాయ్, నాకింక పెట్టెలొద్దు గానీ, మధ్యాహ్నం సూపు మళ్లీ చెయ్యవూ?"

"ఏడుస్తూ చేశానత్తయ్యా. ఎంత ఉప్పు పడిందో నాకే తెలీదు."

"అయితే రోజూ కాస్త ఏడువమ్మా."

ఇల్లాలు నవ్వేసింది. ఉప్పుడబ్బా అత్తగారి చేతికిస్తానంది, చిటికె దాటకూడదన్న షరతుతో. కూరలు రేపటి నుంచి దుకాణం తెరిచేలోపు ఇంటాయన తరగాలి. ఆయన తలూపాడు. ఆ పూట ఆయన దేనికైనా తలూపేవాడు.

పిచ్చుక నీళ్లోడుతూ గట్టుకు వచ్చింది. ఇంటాయన తువ్వాలు కప్పి, మోకాళ్ల మీద కూర్చుని, "తప్పయిపోయింది తల్లీ. ఇవాళ నీకేం కావాలో అడుగు, ఏదైనా సరే," అన్నాడు.

పిచ్చుక బాబాయి వంక చూసింది. "ఈ రాత్రికి మనింట్లో బాబాయి ఉండాలి," అంది.

ఇంటాయన చెయ్యి దానంతటదే జేబులోని ఫోను తీసింది. "పెద్దవాడా, చిన్నవాడా?" అన్నాడు.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం ఇంటాయన గుమ్మంలోకి రాగానే పిచ్చుక ఆ ఫోను లాక్కుని ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టేస్తోంది, గుడ్డ కప్పి.